సమాధి నుంచి నవల వరకు: ఉయ్‌ఘుర్ చరిత్ర కథనంలో స్థలం, కర్తృత్వం

వ్యాససంగ్రహం:
ఉయ్‌ఘుర్ ప్రజల గతం చాలాకాలం మజార్ల వద్ద, అంటే పుణ్యపురుషుల సమాధుల వద్ద, చదివి వినిపించే ‘తజ్కిరా’ల ద్వారా నిలిచింది. 20వ శతాబ్దిలో ఆ ప్రక్రియ క్షీణించి, దాని బాధ్యతలో అధికభాగాన్ని చారిత్రక నవల స్వీకరించింది. ఈ బదిలీని కేవలం కొనసాగింపుగా చూడటం సరిపోదని ఈ వ్యాసం వాదిస్తుంది. పలువురి చేతుల మీదుగా పెరిగిన కథనం ఒక రచయిత పేరు కిందికి, ఒక ప్రచురణ సంస్థ ముద్ర కిందికి చేరినప్పుడు దాని వ్యాప్తి పెరిగింది, దాని రక్షణ తగ్గింది. తజ్కిరా సంప్రదాయం, అబ్దురెహిమ్ ఓత్కుర్ ‘ఇజ్’, పెర్హాత్ తుర్సున్ లఘునవల, రహిలె దావుత్ జానపద పరిశోధన ఇందులో పరిశీలనాంశాలు.

కీలకపదాలు: ఉయ్‌ఘుర్, తజ్కిరా, మజార్, చారిత్రక నవల, కర్తృత్వం, అనామకత్వం, అనువాదం.

1. ప్రవేశిక

ఉయ్‌ఘుర్‌ల ప్రస్తావన మన పత్రికల్లో ఎక్కువగా రెండు సందర్భాల్లో వస్తుంది. ఒకటి సిల్క్ రోడ్డు: ఒంటెల బిడారులు, ఇసుకలో పూడిపోయిన బౌద్ధ గుహలు, కష్గర్ సంత. రెండోది 2017 తర్వాతి నిర్బంధ కేంద్రాల వార్త. మొదటి చిత్రంలో వారికి వర్తమానం ఉండదు, రెండోదానిలో గతం ఉండదు. పేరు విషయంలోనూ స్థిరత్వం లేదు. ఉయ్గర్, ఉయిఘర్, వీగర్ అని పలు రూపాలు అచ్చులో కనిపిస్తాయి. మూల ఉచ్చారణకు దగ్గరగా ఉన్నందున ఈ వ్యాసంలో ‘ఉయ్‌ఘుర్’ అనే రూపాన్ని వాడుతున్నాను.

ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల హైకమిషనర్ కార్యాలయం 2022 ఆగస్టు 31న వెలువరించిన నివేదిక, అక్కడి నిర్బంధాలు మానవత్వంపై జరిగిన నేరాల కిందికి రావచ్చని పేర్కొన్నది. చైనా ప్రభుత్వం వాటిని వృత్తి శిక్షణ కేంద్రాలుగా, ఉగ్రవాద నిరోధక చర్యలుగా సమర్థించుకున్నది. ఈ వివాదంపై ఆంగ్లంలో విస్తారమైన రచన ఉంది. సాహిత్య విద్యార్థులు అడగవలసిన ప్రశ్న కొంత వేరు. ఒక జాతి తన గతాన్ని ఏ ప్రక్రియలో, ఏ స్థలంలో, ఎవరి చేతుల మీదుగా చెప్పుకొన్నది? ఆ ప్రక్రియ మారినప్పుడు చరిత్రకు ఏమైంది? ఇక్కడి చర్చకు ఆధారం ఆంగ్లానువాదాలు, ఆంగ్లంలో వచ్చిన పరిశోధన. కాబట్టి మూలభాషాశైలి గురించిన తీర్పుల జోలికి పోవడం లేదు.

2. నేల, పేరు, లిపి

తియన్‌షాన్ పర్వతాలకు దక్షిణాన తారిమ్ లోయ, దాని నడుమ తక్లమకాన్ ఎడారి. ఎడారి అంచుల వెంట మంచుకొండల నుంచి దిగే నదుల మీద బతికే ఒయాసిస్ పట్టణాలు: కష్గర్, యార్కంద్, ఖోతన్, అక్సు, కుచా. తూర్పున తుర్ఫాన్, కుముల్. ఉయ్‌ఘుర్‌ల నివాసభూమి ప్రధానంగా ఇదే. స్థానికులు దక్షిణ పట్టణాల సముదాయాన్ని ‘ఆల్తిషహర్’ అన్నారు, ఆరు నగరాలు అని అర్థం. చింగ్ సామ్రాజ్యం 1759 నాటికి దీన్ని జయించింది. 1884లో ‘షిన్‌జియాంగ్’ పేరుతో రాష్ట్రంగా చేసింది. ఆ మాటకు కొత్త సరిహద్దు అని అర్థం. ఎవరికి కొత్త, ఎవరికి సరిహద్దు అన్నది పేరులోనే తెలుస్తుంది. 1955 అక్టోబరు 1న అది షిన్‌జియాంగ్ ఉయ్‌ఘుర్ స్వయంప్రతిపత్తి ప్రాంతమైంది. 2020 జనగణన ప్రకారం అక్కడ సుమారు 1 కోటి 16 లక్షల మంది ఉయ్‌ఘుర్‌లున్నారు.

‘ఉయ్‌ఘుర్’ అనే పేరుకు తెగిపోయి అతికిన చరిత్ర ఉంది. మంగోలియా మైదానాల్లో క్రీ.శ. 744 నుంచి 840 వరకు సాగిన ఉయ్‌ఘుర్ ఖగానేట్ పతనమయ్యాక కొందరు తుర్ఫాన్ ప్రాంతానికి వలస వచ్చి ఖోచో రాజ్యాన్ని స్థాపించారు. అది క్రమంగా ప్రధానంగా బౌద్ధ రాజ్యమైంది. పశ్చిమాన కష్గర్‌లో కరాఖానీ పాలకులు 10వ శతాబ్దిలో ఇస్లాం స్వీకరించారు. తుర్ఫాన్ ప్రాంతం కూడా ఇస్లాంలోకి వచ్చిన తర్వాత, బౌద్ధాన్ని స్ఫురింపజేసే ఆ పేరు వాడుక నుంచి తొలగింది. తర్వాతి శతాబ్దాల్లో ఒయాసిస్ ప్రజలు తమను కష్గరీలుగా, ఖోతనీలుగా, లేదా స్థానికుడు అనే అర్థంలో ‘యెర్లిక్’గా చెప్పుకొన్నారు. 1921లో తాష్కెంట్‌లో జరిగిన సమావేశం పాత పేరును తిరిగి తెచ్చింది. 1930ల మధ్యలో షెంగ్ షిత్సాయ్ ప్రభుత్వం దాన్ని అధికారికం చేసింది.

ఖోచో కాలపు ఉయ్‌ఘుర్ వాఙ్మయంలో ఎక్కువభాగం అనువాదం. బెష్‌బాలిక్‌కు చెందిన షింగ్కో షెలి తుతుంగ్ అనే పండితుడు చైనీయ యాత్రికుడు షువాన్‌జాంగ్ జీవితచరిత్రను పాత ఉయ్‌ఘుర్‌లోకి అనువదించాడు. మన పాఠ్యపుస్తకాల్లోని హ్యూయాన్‌త్సాంగ్ ఈయనే. ఆంధ్రదేశాన్ని, ధాన్యకటకాన్ని ఆయన దర్శించిన వృత్తాంతం ఆ జీవితచరిత్ర చైనీయ మూలంలో ఉంది. ఆంధ్రదేశ ప్రస్తావన గల గ్రంథం ఒకటి వెయ్యేళ్ల క్రితమే ఉయ్‌ఘుర్ భాషాంతరీకరణకు లక్ష్యమైందన్నది మన అనువాద చరిత్రకారులు గుర్తుంచుకోదగిన విషయం. అంతకు మించి దీని మీద బంధుత్వాలు కట్టనవసరం లేదు.

లిపి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. సోగ్దియన్ నుంచి పుట్టిన పాత ఉయ్‌ఘుర్ లిపి మంగోలు లిపికి, దాని ద్వారా మంచూ లిపికి మూలమైంది. ఇస్లాం తర్వాత అరబ్బీ లిపి స్థిరపడింది. 1960ల మధ్యలో లాటిన్ ఆధారిత లిపిని ప్రవేశపెట్టి, 1982లో తిరిగి అరబ్బీ ఆధారిత లిపిని పునరుద్ధరించారు. ఆ నడుమ బడికి వెళ్లిన తరానికి తాతల రాతప్రతులు అక్షరాల దగ్గరే మూతపడ్డాయి. తజ్కిరా ఎందుకు క్షీణించింది అన్న ప్రశ్నకు దొరికే జవాబుల్లో ఇది ఒకటి.

3. తజ్కిరా: చదివే చోటు, రాసే చేయి

తజ్కిరా అంటే స్మరణ. పర్షియన్ సాహిత్యంలో ఇది కవుల, సూఫీల జీవితసంగ్రహాలకు పేరు. ఆల్తిషహర్‌లో దాని అర్థం మారింది. ఒక సమాధిలో నిద్రిస్తున్న మహానుభావుడు ఎవరు, ఎక్కడి నుంచి వచ్చాడు, ఎవరితో యుద్ధం చేశాడు, ఈ నేల మీద ఎలా మరణించాడు అని చెప్పే తుర్కీ భాషాగ్రంథం అయింది. రియాన్ థమ్ 2014లో ప్రచురించిన ‘ద సేక్రెడ్ రూట్స్ ఆఫ్ ఉయ్‌ఘుర్ హిస్టరీ’ ఈ ప్రక్రియను చరిత్ర రచనగా గుర్తించి విశ్లేషించిన ప్రధాన గ్రంథం. ఆయన పరిశీలనల్లో సాహిత్య విద్యార్థికి అత్యంత ఉపయోగకరమైనవి రెండు.

మొదటిది చదువు జరిగే చోటు. తజ్కిరాను ఇంట్లో ఒంటరిగా చదువుకోవడం దాని ప్రధాన వినియోగం కాదు. యాత్రికులు మజార్‌కు చేరినప్పుడు అక్కడి షేక్ లేదా చదువు వచ్చినవాడు దాన్ని బిగ్గరగా చదువుతాడు. కథలో వీరుడు నేలకొరిగిన చోటే శ్రోత కూర్చుని ఉంటాడు. అర్తుష్‌లోని సతూక్ బుగ్రా ఖాన్ మజార్, యెంగిసార్ వైపు ఎడారిలోని ఓర్దామ్ పాద్‌షా, ఖోతన్ సమీపంలోని ఇమామ్ ఆసిమ్, నియా దగ్గరి ఇమామ్ జాఫర్ సాదిక్, ఇలా ఒక్కో సమాధి ఒక్కో అధ్యాయం. పండుగ తిథిని బట్టి ఒక మజార్ నుంచి మరొకదానికి నడిచే యాత్రికుడు ఆ అధ్యాయాలను కాళ్లతో కలుపుకొంటాడు.

కార్తికమాసంలో కారెంపూడిలో జరిగే పల్నాటి వీరుల ఉత్సవాలను ఎరిగిన తెలుగు పాఠకునికి ఈ సంబంధం సులువుగా అర్థమవుతుంది. కథ, కథ జరిగిన నేల, ఏటేటా చేరే జనం అనే మూడూ ఒకదాన్నొకటి నిలబెడతాయి. తేడా కూడా ఉంది. పల్నాటి కథ ప్రధానంగా గానసంప్రదాయం, తజ్కిరాకు లిఖితప్రతి ఆధారం. పుస్తకం చేతిలో ఉండాలి, దాన్ని చదివి వినిపించాలి. స్థలపురాణంతో పోల్చడానికి కూడా మనకు ఆశ కలుగుతుంది. అయితే స్థలపురాణం క్షేత్రాన్ని కాలాతీతం చేస్తుంది, యుగాల వెనక్కు తీసుకుపోతుంది. తజ్కిరా మరణాన్ని వదలదు. సాధారణంగా అందులో వీరుడు ఓడిపోతాడు, అతని తల తెగుతుంది, అతని శరీరం ఇక్కడ ఉంది. మహిమలు ఆ తర్వాతి మాట.

రెండోది రాసే చేయి. ఆ ప్రాంతంలో ముద్రణ ఆలస్యంగా వచ్చింది, వచ్చాకా పరిమితంగానే సాగింది. 20వ శతాబ్ది ఆరంభంలో కష్గర్‌లో స్వీడిష్ మిషన్ ముద్రణాలయం పనిచేస్తున్న రోజుల్లో కూడా జనసామాన్యం చేతికి అందిన పుస్తకం రాతప్రతే. నకలు తీసే ప్రతివాడూ కొంత వదిలాడు, కొంత కలిపాడు. ఒకే సంపుటిలో పలు తజ్కిరాలను చేర్చి కుట్టుకున్నారు. మార్జిన్లలో పాఠకులు తమ పేర్లు, తాము చదివిన తేదీలు, ప్రార్థనలు రాశారు. మజార్ గోడల మీద యాత్రికులు రాసిన రాతలకు, పుస్తకం అంచుల మీది ఈ రాతలకు చుట్టరికం ఉంది. రెండు చోట్లా ఒక సామాన్యుడు ‘నేనూ వచ్చాను’ అని నమోదు చేసుకుంటున్నాడు. ఈ లక్షణాన్ని థమ్ సాముదాయిక కర్తృత్వంగా వివరిస్తాడు.

ఆ ప్రాంతంలో మరో తరహా చరిత్ర లేదని అనుకోరాదు. మీర్జా హైదర్ దుగ్లత్ 1540లలో కాశ్మీరును పాలిస్తూ అక్కడే పర్షియన్‌లో ‘తారీఖ్-ఎ-రషీదీ’ రాశాడు. ముల్లా మూసా సైరామీ 20వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో తన ‘తారీఖ్-ఎ-హమీదీ’లో యాకూబ్ బేగ్ రాజ్యం లేచి పడిన వృత్తాంతాన్ని వివరంగా నమోదు చేశాడు. మన అర్థంలో వీరు చరిత్రకారులు. కాని ఖోతన్ రైతుకు ఖోతన్ గతాన్ని నేర్పినది ఎక్కువగా తజ్కిరాయే.

తజ్కిరాల్లో కాలక్రమం తప్పుతుంది. శతాబ్దాల దూరం ఉన్నవారు కలుసుకుంటారు. మదీనాలో కన్నుమూసిన ఇమామ్ జాఫర్ సాదిక్ తక్లమకాన్ అంచున సమాధి అయి ఉంటాడు. ఆధార పరీక్షకు ఇవి నిలవవు, నిలవాలని అవి కోరుకోలేదు. ఖోతన్ మీద కరాఖానీల దండయాత్ర 11వ శతాబ్ది ఆరంభానికి ముగిసిన వాస్తవ ఘటన. ఒక బౌద్ధ పట్టణం ఇస్లాం పట్టణంగా మారిన ఆ హింసాత్మక సంధికాలాన్ని ‘నలుగురు ఇమాముల తజ్కిరా’ వంటి కథలు నిలిపి ఉంచాయి. గెలిచినవారి పక్షాన చెప్పినా, గెలుపుకంటే మరణాలను ఎక్కువగా లెక్కపెట్టాయి.

4. ఒక సమాధి, రెండు కథలు

కష్గర్ శివార్లలోని ఆఫాక్ ఖోజా మజార్ ఈ చర్చకు మంచి పరీక్ష. 17వ శతాబ్ది నాటి ఈ కట్టడంలో ఆఫాక్ ఖోజా, ఆయన తండ్రి, వారి వంశీయులు ఉన్నారు. ఆఫాక్ ఖోజా సూఫీ గురువు, రాజకీయ నాయకుడు. జుంగార్ మంగోలుల సాయంతో యార్కంద్ ఖానేట్‌ను కూల్చి అధికారం పొందినవాడు. అందుచేత ఉయ్‌ఘుర్‌లలోనే ఆయనను ఆరాధించినవారు ఉన్నారు, ద్రోహిగా నిందించినవారు ఉన్నారు. 20వ శతాబ్ది జాతీయవాదులు రెండోవైపు మొగ్గారు.

చైనా పర్యాటకులకు ఈ చోటు వేరే పేరుతో పరిచయం: సుగంధ రాణి సమాధి. చియన్‌లాంగ్ చక్రవర్తి అంతఃపురానికి వెళ్లిన ఒక ముస్లిం యువతి దేహం నుంచి సహజ సుగంధం వచ్చేదని, ఆమె మరణించాక భౌతికకాయాన్ని కష్గర్‌కు తెచ్చారని కథ. ఈ కథకు మూలమైన స్త్రీ చారిత్రక వ్యక్తి. ఆమె బిరుదు రుంగ్ ఫెయ్, మరణించినది 1788లో. ఆమె సమాధి హెబెయ్ రాష్ట్రంలోని తూర్పు చింగ్ రాజసమాధుల్లో ఉంది. సామ్రాజ్య చరిత్రకు, స్థానిక జ్ఞాపకానికి మధ్య ఈ కథ ఎలా పెరిగిందో జేమ్స్ మిల్వార్డ్ 1994 నాటి వ్యాసంలో విశదం చేశాడు.

రెండు కథలూ కల్పనను ఆశ్రయించినవే. అయినా వాటి పని ఒకటి కాదు. తజ్కిరా చదివే చోట శ్రోత యాత్రికుడు. అతడు ఆ సమాధికి బాధ్యుడు, గోడ మీద పేరు రాసుకునే హక్కు ఉన్నవాడు. సుగంధ రాణి కథ వినే చోట శ్రోత టికెట్టు కొన్నవాడు. కథలో ఆ నేల రాజధానికి ఒక స్త్రీని కానుకగా పంపిన నేల. రాజకీయ వివాదంతో నిండిన ఒక సమాధిని ప్రణయగాథగా మార్చినప్పుడు స్థానికులు తమలో తాము ఆఫాక్ ఖోజా గురించి చేసుకుంటున్న తర్కం మరుగున పడింది. సాంస్కృతిక నష్టం అంటే కూల్చివేత మాత్రమే అనుకునేవారు ఈ మజార్‌ను చూడాలి. కట్టడం చెక్కుచెదరలేదు.

5. నవలలోకి చరిత్ర

1980ల సడలింపు కాలంలో ఉయ్‌ఘుర్ చారిత్రక నవల విరివిగా వచ్చింది. సైఫుద్దీన్ అజీజీ ‘సతూక్ బుగ్రా ఖాన్’ నవల 1987లో వెలువడింది. తజ్కిరా నాయకుడే నవలా నాయకుడయ్యాడు, అతన్ని రాసినవాడు కమ్యూనిస్టు పార్టీ ఉన్నత నాయకుడు. అయితే ఈ ధోరణికి శిఖరంగా పాఠకులు భావించేది అబ్దురెహిమ్ ఓత్కుర్ (1923-1995) నవలలను. 1985లో వచ్చిన ‘ఇజ్’ (జాడ), 1912-13లో కుముల్ ప్రాంతంలో తొమూర్ ఖల్పా నాయకత్వంలో జరిగిన రైతు తిరుగుబాటు కథ. రాష్ట్ర గవర్నరు యాంగ్ జెంగ్‌షిన్ అతనితో సంధి చేసుకొని ఉరుంచికి రప్పించి 1913లో చంపించాడు. నవలకు ముందు ఉంచిన అదే పేరు గల కవిత, నవల చదవనివారికి కూడా కంఠస్థమైంది. 1988లో మొదలైన ‘ఓయ్‌గన్‌గన్ జెమిన్’ (మేల్కొన్న నేల) ఆ కథను 1930ల తిరుగుబాట్ల వైపు నడిపింది.

ఈ నవలల్ని పాఠకులు చరిత్రగానే చదివారని, తజ్కిరా ఖాళీ చేసిన స్థానాన్ని ఇవి పూరించాయని థమ్ ప్రతిపాదన. ఇది చాలావరకు అంగీకరించదగినది. జీవితచరిత్ర కేంద్రంగా కథ నడవడం, నాయకుని బలిదానం, సమూహం తనను తాను అందులో చూసుకోవడం రెండింటికీ సమానం. ఓత్కుర్ నాయకుడు మోసానికి బలి కావడం కూడా తజ్కిరా శ్రోతకు పరిచితమైన ముగింపే.

అయితే ఈ ప్రతిపాదనలో కొనసాగింపు మీద పడిన వెలుగు విచ్ఛేదం మీద చాలినంత పడలేదని నా అభిప్రాయం. మూడు అంశాలు మారాయి. కథ స్థలం నుంచి విడివడింది. కుముల్ కథను కష్గర్‌లో మంచం మీద పడుకొని చదవవచ్చు. ఇది లాభం, దీనివల్లే ఒయాసిస్ జ్ఞాపకాలు జాతి జ్ఞాపకం కాగలిగాయి. రెండు, పాఠం స్థిరపడింది. పాఠకుడు అంచుల్లో రాసుకున్నది అతని ప్రతిలోనే ఉండిపోతుంది, తర్వాతి ప్రతిలోకి పోదు. మూడు, అన్నింటికంటే ముఖ్యమైనది, కథకు కర్త దొరికాడు. తజ్కిరాకు ఎవరిని బాధ్యుని చేయాలి? నకలు తీసినవాడినా, చదివినవాడినా, మూడు వందల ఏళ్ల కిందట పర్షియన్ నుంచి తర్జుమా చేసినవాడినా? నవలకు ఆ చిక్కు లేదు. అట్ట మీద పేరుంది, లోపల ప్రచురణ సంస్థ పేరుంది. అది ప్రభుత్వ ప్రచురణ సంస్థ. అచ్చు ఉయ్‌ఘుర్ చరిత్రకు లక్షల పాఠకులను ఇవ్వగలిగింది, ఆ లక్షల పాఠకులను చేరే దారికి తాళంచెవి మాత్రం వేరొకరి దగ్గర ఉంచింది.

తర్వాతి ఘటనలు ఈ కోణంలో చూడదగినవి. తుర్గున్ అల్మాస్ 1989లో ప్రచురించిన చరిత్ర గ్రంథం ‘ఉయ్‌ఘుర్లర్’ 1991లో అధికారిక ఖండనకు, నిషేధానికి గురైంది. నూర్‌ముహమ్మద్ యాసిన్ ‘అడవి పావురం’ అనే అన్యాపదేశ కథ 2004లో ‘కష్గర్ సాహిత్యం’ పత్రికలో వచ్చింది. రచయితకు 2005లో పదేళ్ల శిక్ష పడింది. 1944-49 నాటి ఘుల్జా కేంద్రిత తూర్పు తుర్కెస్తాన్ గణతంత్రం నేపథ్యంగా జోర్దున్ సాబిర్ రాసిన ‘అనా యుర్త్’ (మాతృభూమి) మూడు సంపుటాలు ఆయన మరణానంతరం 2000లో వెలువడ్డాయి. వెలువడినప్పుడు అనుమతి ఉన్న పుస్తకం తర్వాత అనుమతి లేని పుస్తకమైంది.

అన్నింటికంటే స్పష్టమైనది పాఠ్యపుస్తకాల ఉదంతం. దశాబ్దానికి పైగా బడుల్లో బోధించిన ఉయ్‌ఘుర్ భాషా పాఠ్యపుస్తకాల్లో వేర్పాటువాదం ఉందని తేల్చి, రాష్ట్ర విద్యాశాఖ మాజీ అధిపతి సత్తార్ సావుత్‌కు రెండేళ్ల వాయిదాతో కూడిన మరణశిక్ష విధించినట్లు 2021 ఏప్రిల్‌లో అధికారులు ప్రకటించారు. ఆ పుస్తకాల సంకలనకర్తల్లో ఒకరైన సాహిత్య విమర్శకుడు యాల్‌కున్ రోజీకి అంతకు ముందే 15 ఏళ్ల శిక్ష పడింది. ఆ పుస్తకాలను ప్రభుత్వ వ్యవస్థే పరిశీలించి, ఆమోదించి, అచ్చువేసి పంపిణీ చేసింది. పాఠ్యాంశాల ఎంపిక సంఘాల్లో పనిచేసే మనవంటి అధ్యాపకులకు ఈ వాక్యం చదివాక వేరే వ్యాఖ్య అక్కరలేదు.

6. వంశవృక్షాల పోటీ

2019 జులైలో చైనా రాజ్యమండలి విడుదల చేసిన శ్వేతపత్రం, క్రీ.పూ. 60లో హాన్ రాజవంశం అక్కడ పాలనావ్యవస్థను నెలకొల్పినప్పటి నుంచి ఆ ప్రాంతం చైనాలో భాగమని, ఉయ్‌ఘుర్‌లు తుర్కుల సంతతి కారని పేర్కొన్నది. తుర్గున్ అల్మాస్ పుస్తకం దీనికి సరిగ్గా వ్యతిరేక దిశలో, ఉయ్‌ఘుర్‌లను వేల ఏళ్లుగా అవిచ్ఛిన్నంగా సాగుతున్న ఒకే జాతిగా చిత్రించింది. అధికార బలం విషయంలో ఈ రెండింటినీ ఒకే త్రాసులో తూచడం అన్యాయం. ఒకటి రాజ్యం మాట, మరొకటి నిషేధానికి గురైన మాట. అయినా తర్క నిర్మాణంలో పోలిక ఉందని విమర్శకుడు చెప్పక తప్పదు. నేల మీద హక్కు తెగని వంశం నుంచి వస్తుందని రెండూ నమ్ముతాయి.

తజ్కిరా దీన్ని నమ్మలేదు. దాని వీరుల్లో చాలామంది బయటినుంచి వచ్చినవారు: అరబ్బు దేశం నుంచి, మధ్య ఆసియా నుంచి. వారిని ఇక్కడివారిని చేసినది పుట్టుక కాదు, మరణం. ఎవరు ఇక్కడ పాతుకున్నారో వారు ఇక్కడివారు. పేరు విషయంలోనూ అంతే. ‘ఉయ్‌ఘుర్’ అనే పేరు శతాబ్దాలపాటు లేకపోవడం వల్ల ఆ ప్రజలే లేరని కొందరు వాదించడం చూస్తాం. ఆ పేరు లేని కాలంలోనే వారు తమ గతాన్ని అత్యంత సాంద్రంగా చెప్పుకొన్నారన్నది ఆ వాదానికి తగిన జవాబు.

7. పొగమంచులో పేరులేని మనిషి

పెర్హాత్ తుర్సున్ లఘునవల ‘ద బ్యాక్‌స్ట్రీట్స్’ పేరుతో 2022లో కొలంబియా విశ్వవిద్యాలయ ప్రచురణగా ఆంగ్లంలో వచ్చింది. 1990ల ఆరంభంలో రాయడం మొదలుపెట్టి రచయిత దాన్ని ఏళ్ల తరబడి దిద్దుతూ వచ్చాడు. ఇతివృత్తం స్వల్పం. బీజింగ్‌లో చదివి ఉరుంచిలో చిన్న ఉద్యోగం సంపాదించిన ఒక ఉయ్‌ఘుర్ యువకుడు తల దాచుకునే గది కోసం రాత్రంతా పొగమంచు కమ్మిన వీధుల్లో తిరుగుతాడు. అతనికి పేరు లేదు. దారిలో దొరికిన అంకెలు తనకేదో చిరునామా చెబుతున్నాయని నమ్మి వాటిని కలుపుతూ, విడదీస్తూ ఉంటాడు. ఎదురైన మనుషులు అతన్ని చూడరు, లేదా అసహ్యంతో చూస్తారు.

చారిత్రక నవలల పక్కన ఈ చిన్న పుస్తకాన్ని ఉంచితే ఒక విషయం కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. ఇందులో వీరుడు లేడు, తిరుగుబాటు లేదు, పూర్వుల జాడ లేదు. పల్లెలోని బాల్యం జ్ఞాపకంగా వస్తుంది గాని ఓదార్చదు, తండ్రి జ్ఞాపకం మరీనూ. ‘ఇజ్’ పాఠకునికి నడిచిపోయినవారి అడుగులు చూపించింది. ఇక్కడ మంచు తన సొంత అడుగునే కప్పేస్తుంది. సాహిత్యంగా నాకు ఈ రచన ఓత్కుర్ నవలల కథనపద్ధతికంటే బలమైనదిగా తోస్తుంది. కారణం దాని దుఃఖం కాదు, దాని నియమం. పాత్రకు ఏ వివరణా, పాఠకునికి ఏ ఊరటా ఇవ్వకూడదన్న నియమాన్ని అది చివరిదాకా పాటించింది. కామూను, కాఫ్కాను గుర్తుచేసుకునే సమీక్షకుల మాటలో సత్యం ఉంది. అయితే కామూ నాయకునికి సముద్రతీరం తనది. ఈ యువకునికి నగరంలో నిద్రపోయే హక్కే లేదు. అస్తిత్వవేదనగా కనిపించేది చాలాచోట్ల అద్దెగది దొరకని సమస్య.

రచయితను 2018లో నిర్బంధించారు, 16 ఏళ్ల శిక్ష పడినట్లు తర్వాత వార్తలు వచ్చాయి. పుస్తకాన్ని ఆ వార్త వెలుగులోనే చదవడం ఇప్పుడు దాదాపు తప్పనిసరి అయింది, అది పుస్తకానికి కొంత అన్యాయం కూడా. అతని 1999 నాటి నవల ‘ఆత్మహత్యా కళ’ మీద ఉయ్‌ఘుర్ సమాజంలోంచే తీవ్ర అభ్యంతరాలు వచ్చాయి. ఆధునికత, మతం, అశ్లీలం గురించి అక్కడి పాఠకులు హోరాహోరీ తగవులాడారు. ఆ తగవు ఒక సజీవ సాహిత్య సమాజపు లక్షణం. రచయితను కేవలం బాధితునిగా చదివితే ఆ తగవునూ, అందులోని అతని మొండితనాన్నీ కోల్పోతాం. తాహిర్ హముత్ ఇజ్గిల్ 2017లో అమెరికా చేరి రాసిన జ్ఞాపకాలు జాషువా ఫ్రీమన్ అనువాదంలో 2023లో వచ్చాయి. ఉరుంచి కవుల మధ్య సాగిన చర్చలు, స్నేహాలు, ఎత్తిపొడుపులు అందులో బలంగా నమోదైనందువల్లే అది సాక్ష్యపత్రం స్థాయిని దాటింది.

8. పరిశోధకురాలు, అనువాదకుడు

మజార్ల గురించి నేడు ఎవరు ఏ వ్యాసం రాసినా రహిలె దావుత్ పనిని తాకకుండా పోలేరు. 1966లో జన్మించి, బీజింగ్ నార్మల్ విశ్వవిద్యాలయంలో జానపద విజ్ఞానంలో డాక్టరేటు పొంది, షిన్‌జియాంగ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలైన ఆమె, మజార్‌ను పుస్తకాల నుంచి కాక యాత్రికుల నుంచి నేర్చుకున్నారు. 2001 నాటి ఆమె మజార్ గ్రంథం ఒక్కో సమాధి ఉన్న చోటు, దాని కథ, అక్కడి ఆచారాలను ఊరూరా తిరిగి సేకరించిన నమోదు. విదేశీ పరిశోధకులు ఎందరికో ఆమె దారి చూపించారు. ఆమె పరిశోధనకు ప్రభుత్వ నిధులూ అందాయి. ఆ కాలంలో ప్రభుత్వానికీ ఈ వారసత్వం కావలసి వచ్చింది. ఉయ్‌ఘుర్ మూకామ్ సంగీతాన్ని 2005లో యునెస్కో మానవాళి అమూర్త వారసత్వ కళాఖండంగా ప్రకటించింది. ‘మెష్రెప్’ అనే సామూహిక వేడుకను 2010లో తక్షణ రక్షణ అవసరమైన అంశాల జాబితాలో చేర్చింది.

ఈ జాబితాలు వేదిక మీద ప్రదర్శించగల దాన్ని గుర్తిస్తాయి. మూకామ్‌ను రంగస్థలం మీదికి తేవచ్చు. ఎడారిలో ఇసుకదిబ్బ మీద జెండా కర్రలు పాతి, నలుగురూ కూర్చుని తజ్కిరా వినడాన్ని తేలేరు. ఓర్దామ్ పాద్‌షా ఉత్సవం 1997లోనే ఆగిపోయింది. ఇమామ్ ఆసిమ్, జాఫర్ సాదిక్ మజార్ల వద్ద కట్టడాలు తొలగిపోయినట్లు 2018 తర్వాతి ఉపగ్రహ చిత్రాలు చూపాయి. రహిలె దావుత్ 2017 డిసెంబరులో అదృశ్యమయ్యారు. ఆమెకు యావజ్జీవ శిక్ష ఖరారైనట్లు 2023 సెప్టెంబరులో దుయ్ హువా ఫౌండేషన్ వెల్లడించింది. క్షేత్రపర్యటన చేసే జానపద పరిశోధకులు తమ నోటు పుస్తకాన్ని ద్వితీయ ఆధారంగా భావిస్తారు, క్షేత్రం ఎప్పుడూ అక్కడ ఉంటుందన్న నమ్మకంతో. ఇక్కడ ఆ వరుస తిరగబడింది. తొలగిన మజార్లకు ఆమె గ్రంథమే ఇప్పుడు ప్రథమ ఆధారం.

రాతప్రతుల పరిస్థితి కొంత మెరుగు. 1929-30లో కష్గర్ వెళ్లిన స్వీడిష్ పండితుడు గున్నార్ యారింగ్ సేకరించిన ప్రతులు లుండ్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. వాటిని చదవగల చగతాయ్ భాషానిపుణులు ప్రపంచంలో తక్కువ. భాష వచ్చినవారికైనా అక్కడ దొరికేది పాఠం మాత్రమే. దాన్ని చదివి వినిపించిన చోటు అందులో ఉండదు.

కర్తృత్వం ప్రశ్నకు ‘ద బ్యాక్‌స్ట్రీట్స్’ ముఖపత్రం మరో మలుపు ఇస్తుంది. అనువాదకులుగా అక్కడ ఇద్దరిని పేర్కొన్నారు. ఒకరు మానవశాస్త్రవేత్త డారెన్ బైలర్. రెండోవారు ఉయ్‌ఘుర్, పేరు ఉండవలసిన చోట ‘అనామకుడు’ అని ఉంది. ఆయన కూడా 2017లో కనిపించకుండా పోయారని బైలర్ తన పీఠికలో నమోదు చేశాడు. తజ్కిరా లేఖకుడు పేరు రాయకపోవడానికి కారణం పేరు అక్కరలేకపోవడం. తన పేరును అంచు మీద రాసుకోవడానికి మాత్రం అతనికి అడ్డులేదు. ఈ అనువాదకునికి ఆ అంచు కూడా మిగలలేదు.